గాజు గిన్నెలో దండయాత్ర

దోహాలో, అల్ మన్సూరా పేటలో మేముండే బిల్డింగు మూడో అంతస్తులో రెండు దేశాలున్నాయి. ఒకటి మాది, రెండోది ఎదురింటివాళ్ళది. రెండు తలుపుల మధ్య ఓ మంచం వేస్తే మనిషి నిలబడే చోటుండదు. అద్దె కాగితాల్లో దాన్ని కారిడారు అని రాశారు. నిజానికది అంతర్జాతీయ సరిహద్దు. ఓ రోజు ఎదురింటివాళ్ళ చెప్పుల స్టాండు ఆ సరిహద్దు దాటి బెత్తెడు మావైపు జరిగింది.

బెత్తెడే. ఆ బెత్తెడు గురించి మా ఆవిడా, ఎదురింటావిడా అనుకున్న మాటలు అచ్చు వేయిస్తే ఓ ఉద్గ్రంథమవుతుంది. మా ఆవిడది తెనాలి, ఆవిడది జగిత్యాల దగ్గర పల్లె. ఇద్దరి గొంతులూ కలిస్తే బిల్డింగు కింద బకాలాలో, అదే కిరాణా కొట్లో, గుడ్లు పగిలాయని ఆ కొట్టతను నాతో చెప్పాడు. చెప్పలేదు గాని, చెప్పేలాగే చూశాడు.

అంతకుముందు ఈ రెండు దేశాల మధ్య వాణిజ్యం మూడు పువ్వులూ ఆరు కాయలుగా ఉండేది. ఇక్కడినుంచి గోంగూర పచ్చడి వెళితే అక్కడినుంచి సకినాలు వచ్చేవి. గిన్నె ఎవరిదైనా ఖాళీగా తిరిగివెళ్ళకూడదని ఇద్దరికీ ఒకటే పద్ధతి. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా పోసి పంపాలి. యుద్ధం మొదలైన రోజున వాళ్ళ స్టీలు గిన్నె మా ఇంట్లో ఉంది, మా మూత ఉన్న గాజు గిన్నె వాళ్ళింట్లో ఉంది. ఇక అవి ఖైదీలయ్యాయి. వాళ్ళ గిన్నెను మా ఆవిడ తోమి, తుడిచి, బోర్లించి పెట్టింది గాని వాడలేదు. యుద్ధఖైదీలను గౌరవంగా చూసుకోవడంలో ఆవిడను మించినవాళ్ళు లేరు.

ఈ యుద్ధం గురించి ఎవరూ చెప్పని మనిషి ఒక్కతే ఉంది. ఎదురింటివాళ్ళ పాప. రెండో క్లాసు. దానికి వీసా అక్కర్లేదు. సాయంత్రం కాగానే తలుపు తోసుకుని వచ్చి మా అమ్మాయి చేత జడ వేయించుకునేది. తర్వాత నా ఒళ్ళో ఎక్కి, నా మీసం పట్టుకుని, ఆఫీసు కాగితాలతో రాకెట్లు చేయించుకునేది. ఖతార్‌లో నా హోదా ఏమిటని ఎవరైనా అడిగితే రాకెట్ల తయారీ విభాగాధిపతి అని చెప్పుకోగలను. ఆ పిల్ల వచ్చిందని మా ఆవిడ ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. వెళ్ళేటప్పుడు చేతిలో బిస్కెట్టు పెట్టేది కూడా. దేశాలు వేరు, బిస్కెట్లు వేరు.

ఇలా ఉండగా మా తెలుగువాళ్ళ నెలవారీ సభలో మాట్లాడమని నన్ను అడిగారు. హాస్యం చెప్పమన్నారు. అందరూ అడిగింది చెప్తే నా పరువేం కావాలి? "యుద్ధాల్లో రోగాన్ని ఆయుధంగా వాడడం" అనే అంశం నేనే ఎంచుకున్నాను. రంజాన్ నెల కావడంతో ఆఫీసు మధ్యాహ్నానికే అయిపోయేది. ఇంటికొచ్చి దొరికినదల్లా చదివేవాణ్ణి. చదివినదానికి నా వంతు ఉప్పూ కారం జోడించి భోజనాల దగ్గర వడ్డించేవాణ్ణి.

"కోట చుట్టూ సైన్యం ఉంది. లోపలివాళ్ళు లొంగరు. అప్పుడు వీళ్ళేం చేశారో తెలుసా? తమలో ప్లేగుతో చచ్చినవాళ్ళ శవాలను పెద్ద పెద్ద యంత్రాల్లో పెట్టి గోడ మీదుగా కోటలోకి..."

"అన్నం తింటున్నామండీ," అంది మా ఆవిడ.

"సరే, శవాలు వద్దు. బావిలో చచ్చిన జంతువుల్ని పడేసేవాళ్ళు, శత్రువు ఆ నీళ్ళు తాగాలని..."

"సాంబారు పోసుకుంటున్నాను."

"సరే, ఇది శుభ్రమైన కథ. దుప్పట్ల కథ. అమెరికాలో ఓ కోటకు కాపలా ఉన్న ఇంగ్లీషు దొరల దగ్గరికి అడవుల్లోవాళ్ళు మాటలకని వచ్చారు. వెళ్ళేటప్పుడు దొరలు వాళ్ళకు దుప్పట్లు, చేతిరుమాళ్ళు కానుకగా ఇచ్చారు. అవి ఎక్కడివి? మశూచి ఆసుపత్రిలో రోగులు కప్పుకున్నవి!"

మా ఆవిడ చేతిలో గరిటె ఆగింది. శవాలకూ బావికీ చలించని మనిషి దుప్పటికి చలించింది.

"కానుకనా?"

"కానుకే."

"తీసుకున్నవాళ్ళు పాపం దండం పెట్టి తీసుకుని ఉంటారు," అంది. నేను మాత్రం నా ప్రసంగం హిట్టయిందని మురిసిపోయి ఇంకో అప్పడం అడిగాను.

ఇప్పుడు మా ఇంటి అసలు సంగతి చెప్పాలి. మా అమ్మాయికి పదో తరగతి బోర్డు పరీక్షలు. పరీక్షలకు ముందు మా ఇంట్లో పరిస్థితి ఎలా ఉండేదంటే, మిక్సీ నోరు మూయించారు. కుక్కర్ను విజిలు వేయకుండా వండమన్నారు. నాకు తుమ్ము వస్తే బాల్కనీలోకి వెళ్ళి దోహా నగరంవైపు తిరిగి తుమ్మాలి. ఎవరికి జలుబు చేసినా సరే, మా అమ్మాయికి మాత్రం ఒంట్లో వెచ్చబడకూడదు. పరీక్ష రోజున జ్వరం వస్తే ఏడాది శ్రమంతా ఏమవుతుంది? ఇది మా ఆవిడ భయం. పైకి నవ్వినా, నా భయమూ అదే.

సరిగ్గా అప్పుడే ఎదురింటి గుమ్మానికి వేపరెమ్మ కనబడింది.

మా ఆవిడ పీప్‌హోల్లోంచి చూసింది. కాసేపటికి మళ్ళీ చూసింది. ఆ రోజంతా ఆవిడ కన్ను అక్కడే ఉండడం వల్ల మర్నాటికి దాని చుట్టూ గుండ్రటి ముద్ర పడింది. లెన్సు ముద్ర కాదు, కాటుక కరిగింది, అంది. మొత్తానికి సమాచారం తెలిసింది. వాళ్ళ పాపకు అమ్మవారు పోసింది. ఆటలమ్మ. ఎదురింటాయన సైట్లో సేఫ్టీ ఆఫీసరు. డ్యూటీ దిగి ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటకు వెళ్ళి, పాత ఇళ్ళ సందులో ఉన్న వేపచెట్టు నుంచి మండలు తెచ్చాడట. ఊళ్ళో ఉన్న ఆయన తల్లి ఫోన్లో, "దుబాయ్ల గూడ యాపచెట్లుంటయా బిడ్డా?" అని ఆశ్చర్యపోయిందట. ఖతార్ అని ఎన్నేళ్ళుగా చెబుతున్నా ఆవిడకు గల్ఫంతా దుబాయే.

ఆ క్షణం నుంచి మా ఇల్లు కోటయింది. తలుపు కింద సందులో తడి తువ్వాలు. గుమ్మం దగ్గర శానిటైజరు సీసాలు, ఇటొకటి అటొకటి, ద్వారపాలకుల్లాగ. లిఫ్టు మీట నొక్కడానికి నాకో పాత పెన్ను ఇచ్చారు. నేను ఆఫీసు నుంచి రాగానే స్నానం చేసి, వేరే బట్టలు కట్టుకుని, అప్పుడు మాత్రమే సోఫా ముట్టుకోవాలి. కోటలు ఎలా కూలాయో చదివినవాణ్ణి కాబట్టి నన్నే సేనాపతిగా నియమించారు. సేనాపతికి సోఫా ముట్టుకునే హక్కు లేకపోవడం చరిత్రలో అదే మొదటిసారి.

ఆ తర్వాత ఓ వారం పైనే గడిచింది. ఎదురింటి పాప పొక్కులన్నీ చెక్కులు కట్టాయని, తలస్నానం పోశారని పీప్‌హోలు వార్త. మా అమ్మాయి మొదటి పరీక్షకు ముందురోజు సాయంత్రం మా బెల్లు మోగింది.

మా ఆవిడ తలుపు సగం తీసింది. నేను వెనకాల నిలబడ్డాను, సేనాపతి హోదాలో. బయట ఎదురింటావిడ. పసుపు రాసుకున్న చేతుల్లో గాజు గిన్నె. మా గాజు గిన్నె! నెలల తరబడి చెరలో ఉన్న మా గిన్నె, నిండుగా పసుపన్నంతో, పైన పెరుగుతో, పక్కన బెల్లంముక్కతో, అంచున వేపాకుతో.

"తల్లికి సల్లవెట్టినం అక్కా," అంది ఆవిడ. "నాలుగిండ్లకు పంచాలె. మొదలు మీ ఇల్లే. పిల్లకు పెట్టు, జెర నోట్లె ఏస్కోమను."

"అలాగేనండీ," అంది మా ఆవిడ, మంచుగడ్డకు మర్యాద నేర్పినట్టు. గిన్నె అందుకుంది. తలుపు మూసింది. నా వైపు తిరిగింది.

"దుప్పటి!" అంది.

"ఛ, అది ప్రసాదమే."

"కానుకే అన్నారుగా మీరు! అదీ మన గిన్నెలోనే! నెలల తరబడి ఇవ్వని గిన్నె, రేపు పరీక్షనగా ఇవాళ గుర్తొచ్చిందా? పైగా పిల్లకు పెట్టమంటుంది. నాకు పెట్టమనలేదు, మీకు పెట్టమనలేదు."

నా ప్రసంగం నా మీదికే తిరిగొచ్చింది. యంత్రంలో పెట్టి విసిరినట్టు.

ఆ గిన్నెను ఏం చేయాలో తెలియక మేం పడిన యాతన ఏ యుద్ధమండలీ పడి ఉండదు. పారేద్దామంటే అది అమ్మవారి ప్రసాదం. పారేస్తే తల్లికి కోపం వస్తుంది, వస్తే ఎక్కడికొస్తుంది? ఇంట్లోకి. తిందామంటే రోగం. ఫ్రిజ్‌లో పెడదామంటే రేపు పిల్ల తాగే పాలున్నాయి అక్కడ. తిరిగిచ్చేద్దామంటే ప్రసాదం తిరిగివ్వడం తిట్టుకన్నా పెద్ద తిట్టు. చివరికి గిన్నెను బాల్కనీలో ఏసీ డబ్బా మీద పెట్టాం. ఎవరూ చూడకుండా మా ఆవిడ దానికి దండం పెట్టింది. పెట్టిన చేతికి వెంటనే శానిటైజరు రాసుకుంది. భక్తీ భయమూ ఒకే చేతిమీద అంత దగ్గరగా ఉండడం నేనెక్కడా చూడలేదు.

ఇఫ్తార్ వేళ కింద వీధంతా నిశ్శబ్దమైంది. మా అమ్మాయి పుస్తకం మూసి నీళ్ళ కోసం లేచింది. బాల్కనీ అద్దంలోంచి గిన్నెను చూసింది.

"అది ఎందుకు బయట ఉంది?"

చెప్పాం. ఇద్దరం ఒకేసారి, వేర్వేరు కారణాలు.

"అమ్మా," అంది పిల్ల, చిన్నపిల్లలకు లెక్క నేర్పేటప్పుడు వాడే గొంతుతో. "పాపకు పొక్కులు రావడానికి ముందురోజు సాయంత్రమంతా నేను దాని జడలు వేశాను. ఒకటి కాదు, అది ఊడదీసుకుంటుంటే మళ్ళీ మళ్ళీ వేశాను. నాన్న ఒళ్ళో కూచుని ఆయన మీసం పీకింది. మా పుస్తకంలో ఉంది, పొక్కులు పైకి రాకముందే అంటుకుంటుందట. రావలసింది అప్పుడే వచ్చేసింది. నువ్వు తువ్వాళ్ళు పెట్టింది తర్వాత కదా."

కోట తలుపులు మూసే వేళకు శత్రువు లోపలే ఉన్నాడన్నమాట. చరిత్రంతా చదివిన నాకు ఈ ముక్క తట్టలేదు.

మా అమ్మాయి బాల్కనీ తలుపు తీసి, చెంచాతో ఓ ముద్ద తీసుకుని, నిలబడే తింది. "పుల్లగా బావుంది," అంది. మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. సేనాపతి వెనక్కి తగ్గితే ఏం బావుంటుంది? నేను రెండు ముద్దలు తిన్నాను. నాకు చిన్నప్పుడే అమ్మవారు పోసింది కాబట్టి నా ధైర్యానికి ఖర్చేమీ లేదు. ఒళ్ళంతా వేరుశనక్కాయలంత పొక్కులు, ఊరంతా వచ్చి చూసింది, డాక్టరు చేతులెత్తేశాడు. ఈ కథ మా అమ్మాయి పుట్టినప్పటినుంచి చెబుతున్నాను.

మొదటి పరీక్ష అయింది. పిల్ల బాగా రాసింది. రెండో పరీక్షకు మధ్యలో సెలవులున్నాయి. ఆ సెలవుల్లో ఓ ఉదయం నాకు ఒళ్ళు వెచ్చబడింది. వీపు మీద ఒక చుక్క. గడ్డం గీస్తుంటే మెడ మీద ఇంకొకటి. ఊళ్ళో ఉన్న మా అమ్మకు ఫోను చేశాను, చిన్నప్పటి నా వీరగాథ మళ్ళీ ఓసారి విని ధైర్యం తెచ్చుకుందామని.

"నీకెప్పుడు పోసిందిరా?" అంది మా అమ్మ. "పోసింది మీ తమ్ముడికి. వాడికి కొబ్బరినీళ్ళు ఇస్తున్నామని నువ్వు ఒంటికి కుంకం చుక్కలు పెట్టుకుని, నాకూ పోసిందని ఏడ్చావు. నీ ఒళ్ళు తుడవలేక చచ్చాను!"

ఫోను స్పీకర్లో ఉంది. మా అమ్మాయి పుస్తకం వెనక మొహం దాచుకుంది. పుస్తకం మాత్రం వణుకుతూనే ఉంది.

క్లినిక్కులో డాక్టరు నన్ను చూడగానే రెండడుగులు వెనక్కి వేశాడు. నా జీవితంలో నన్ను చూసి ఎవరైనా భయపడడం అదే మొదలు. ఈ వయసులో గట్టిగానే వస్తుందని, పొక్కులన్నీ చెక్కులు కట్టేదాకా ఇల్లు కదలొద్దని మందులు రాశాడు. ఇంటికొచ్చాం. ఇంటికొచ్చాక అసలు ప్రశ్న. ఇల్లు కదలొద్దంటే, ఇంట్లో పిల్ల ఉంది. పిల్లకు చిన్నప్పుడు ఆ టీకా వేయించామని మా ఆవిడ, లేదని నేను. నా జ్ఞాపకశక్తి విలువెంతో మా అమ్మ అప్పుడే తేల్చింది గాని, పరీక్షల మధ్య ఎవరు పందెం కడతారు? ఉన్నది ఒక పడగ్గది, ఒక హాలు, ఒక బాత్రూము. నన్ను ఎక్కడ పెట్టాలి? గాజు గిన్నె పెట్టినట్టు ఏసీ డబ్బా మీద పెట్టే వీలు లేదు, నా బరువుకు డబ్బాతో సహా వీధిలో తేలతాను. నవ్వుతూ ఈ మాట అన్నాను గాని, మా ఆవిడ నవ్వలేదు. మంచం అంచున కూచుని చీర కొంగు చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. మాస్కు పెట్టుకుని నేను గుమ్మం దగ్గర కుర్చీలో కూచున్నాను, రైలు కోసం ఎదురుచూస్తున్నట్టు.

బెల్లు మోగింది. ఎదురింటావిడ.

"అన్నకు తల్లి వచ్చిందట గద?" అంది.

ఎలా తెలిసిందని మేం అడగలేదు. వాళ్ళ తలుపుకూ పీప్‌హోలు ఉంది.

"అన్నను మా ఇంటికి తోలక్కా," అంది ఆవిడ. "మా ఆయనకు చిన్నప్పుడే పోసింది, నాకూ పోసింది, పోరికి మొన్ననే వాయె. మా ఇంట్ల ఎవలకేం గాదు. పిల్ల పరీక్షలు రాస్కోనీ."

మా ఆవిడ లేచింది. తలుపు పూర్తిగా తీసింది. ఏదో అనబోయి, "వంట నేను పంపిస్తాను" అని మాత్రం అంది.

"ఏం వంపిస్తవ్? పోపు వెట్టద్దు, కారం వద్దు. నాకెర్కలేదా? పంపితే మజ్జిగ పంపు."

అలా నేను సరిహద్దు దాటాను. కారిడార్లో ఎవరూ లేరని ఎదురింటాయన మెట్ల దాకా వెళ్ళి చూసొచ్చాడు, సేఫ్టీ ఆఫీసరు కదా. "యల్లా సార్, పదండి, రూట్ క్లియర్," అన్నాడు. మాస్కు, కప్పుకున్న శాలువా, చంకలో దిండు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, ఆ జగడాల స్టాండు మీదే పెట్టాను.

వాళ్ళ హాల్లో వేపాకులు పరిచిన పరుపు మీద నేను పడుకున్న రోజుల గురించి ఇతిహాసం రాయొచ్చు. పొక్కులు లెక్కపెట్టే పని పాప తీసుకుంది. రోజూ వంద దాటగానే మొదటికొచ్చేది, దానికి వచ్చిన అంకెలు అయిపోయేవి. గోక్కోబోతే వేపమండతో చేతిమీద ఒక్కటి వేసేది. "నేను గోక్కోలే, నువ్వెట్ల గోక్కుంటవ్ అంకుల్?" అనేది. ప్రసంగం రద్దయింది. వక్తే ఆయుధంగా మారినందువల్ల సభకు రాలేకపోతున్నాడని కబురు పెట్టాను.

రోజూ పొద్దున్నా సాయంత్రం వాళ్ళ స్టీలు గిన్నెలో మజ్జిగ వచ్చేది. ఖైదీ విడుదలైంది. వెళ్ళేటప్పుడు అందులో ఓసారి సకినాలు, ఓసారి ఉడికించిన మక్కగుడాలు. నాకు పెట్టకుండా నా కళ్ళ ముందే అవతలికి పంపేవారు.

ఓ మధ్యాహ్నం మెత్తటి అన్నంలో మజ్జిగ పోస్తూ ఎదురింటావిడ అంది, "ఆ పొద్దు పిల్లకు వెట్టుమన్న గద అన్నా, ఎందుకో ఎర్కనా? మా పోరి మీ పిల్లతోని ఒకటే తిరుగుడు. పరీక్షలప్పుడు మీ పిల్ల మీదికి పోవద్దని తల్లికి మొక్కిన. ఆ పిల్ల నోట్లె పడాలని మొదలు మీ ఇంటికే తెచ్చిన."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదమ్మా?"

"నీ భార్య తలుపు సగమే తీసె. ఆ సందుల గిన్నె వట్టుడే కష్టమాయె, ఇగ మాటలెక్కడ వడతయ్?"

పక్కకు తిరిగి పడుకున్నాను. దుప్పట్లు ఇచ్చిన దొరల గురించి ఆలోచన వచ్చింది. వాళ్ళు ఇచ్చిన దుప్పట్ల వల్ల ఎంతమందికి రోగం వచ్చిందో, అసలు వాటివల్లే వచ్చిందో లేదో గట్టిగా చెప్పలేమని నేను చదివినవాళ్ళే రాశారు. అడవుల్లో ఆ రోగం అప్పటికే తిరుగుతోందట. అయినా ఒకటి మాత్రం జరిగి ఉంటుంది. ఆ తర్వాత ఆ అడవుల్లో ఎవరైనా నిజంగా చలికి వణుకుతున్న మనిషికి మంచి దుప్పటి ఇవ్వబోతే, ఆ మనిషి చెయ్యి చాచి ఉండడు. ఆ సంగతి నేను ప్రసంగంలో రాసుకోలేదు. నేను కప్పుకున్న దుప్పటి వాళ్ళ పెళ్ళినాటి దుప్పటి, అంచున పూలు కుట్టింది.

మా అమ్మాయి పరీక్షకు వెళ్ళే రోజుల్లో కారిడార్లో దాని చెప్పుల చప్పుడు వినబడేది. ఎదురింటి తలుపు ఇవతల నేను నిలబడి, "పెన్నులు పెట్టుకున్నావా?" అని అరిచేవాణ్ణి. "పెట్టుకున్నా నాన్నా, నువ్వు గోక్కోకు," అని అటునుంచి వచ్చేది. ఇంత పెద్ద సేనాపతి చేయగలిగింది అదే. దానికి ఒళ్ళు వెచ్చబడలేదు. చివరిదాకా ఒక్క చుక్క రాలేదు. టీకా విషయంలో మా ఆవిడ మాటే నిజమై ఉండాలి. మొక్కు విషయం కూడా నేను కొట్టిపారేయను. ఇప్పటికీ ఆ ఇంట్లో మజ్జిగ తాగుతున్నాను.

మా అమ్మాయి చివరి పరీక్ష నాడే నాకు తలస్నానం పోశారు. అప్పటికి నా చెక్కులన్నీ ఎండిపోయాయి. బయటికి రావచ్చని డాక్టరు కూడా ఫోన్లో చెప్పాడు. వేపాకు, పసుపు కాచిన నీళ్ళు. ఎదురింటావిడ పసుపన్నం వండి, పెరుగు వేసి, దండం పెట్టించింది. తర్వాత ఆ అన్నం స్టీలు గిన్నెలో పెట్టి నా చేతికిచ్చింది.

"నాలుగిండ్లకు పంచాలె. మొదలు ఏ ఇల్లో చెప్పాల్నా?"

మొహం నిండా మచ్చలతో, కొత్త బనీనుతో, చేతిలో గిన్నెతో కారిడార్లో నిలబడి మా ఇంటి బెల్లు నొక్కాను. మా ఆవిడ తలుపు తీసింది. పూర్తిగా. వెనక పరీక్ష రాసొచ్చిన పిల్ల యూనిఫాంతోనే సోఫాలో కూలబడి ఉంది.

"అమ్మవారి ప్రసాదమండీ," అన్నాను. "మీ పిల్లకు పెట్టండి."

మా ఆవిడ గిన్నె అందుకుంది. అక్కడే, గుమ్మంలోనే, వేళ్ళతో ఓ ముద్ద తీసి నోట్లో వేసుకుంది. ఇంకో ముద్ద లోపలికెళ్ళి పిల్ల నోట్లో పెట్టింది. నేను లోపలికి అడుగు పెట్టబోయాను.

"ఆగండాగండి," అంది వంటింట్లోంచి. గిన్నె కడుగుతున్న చప్పుడు. "గోంగూర నూరి ఉంచాను. ఇది వాళ్ళకిచ్చేసి, అప్పుడు రండి."